ఇల్లినాయ్ ఆల్బమ్: మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే తేలిపోయింది

అమెరికన్ గాయకుడు సుఫ్యాన్ స్టీవెన్స్ వాళ్ల దేశంలోని ఇల్లినాయ్ రాష్ట్రం మీద 2005లో తెచ్చిన ఆల్బమ్ 'ఇల్లినాయ్', అంతకుమించి వివరాల్లోకి పోను. నేను సంగీతం తెలిసిన మనిషిని కాదు, పని చేసుకుంటూ వెనకాల ఏదో ఒకటి పెట్టుకునే రకం, అయినా ఫోన్‌లో స్పేస్ నిండిన ప్రతిసారీ డిలీట్ కాకుండా మిగిలేది ఇదే. కారణం ఒక్కటే, ఆ గుంపు. మనిషి గొంతు పెంచడు, దాదాపు చెవిలో చెప్తున్నట్టు పాడుకుంటూ పోతాడు, ఈలోపు ట్రంపెట్లు, వయొలిన్లు, కోరస్ ఒక్కొక్కటే వచ్చి చేరి చూస్తుండగానే ఊరంతా వచ్చి నిలబడ్డట్టు అవుతుంది. 'షికాగో' పాటలో అందరూ ఒకేసారి అందుకునే చోట ఇప్పటికీ చేతిలో పని ఆగిపోతుంది.

టైటిల్ పాట ఇంకో రకం. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన (ఎక్స్‌పోజిషన్) మీద మొదలయ్యే మొదటి సగం ఐదు లెక్కలో నడుస్తుంది, కాలితో మామూలు తాళం వేస్తే తప్పుతుంది, మన కర్ణాటక సంగీతంలోని ఐదు లెక్క, ఖండగతి, చెవిన పడ్డవాళ్లకి మాత్రం వెంటనే దొరికిపోతుంది. తర్వాత నాలుగు లెక్కలోకి దిగాక కవి కార్ల్ శాండ్‌బర్గ్ కలలోకొచ్చి, మనసుతోనే రాస్తున్నావా అని అడుగుతాడు. ఆ మార్పు ఎంత మెత్తగా జరుగుతుందంటే చాలాకాలం రెండూ వేరే పాటలనుకునేవాణ్ని.

సరే, అసలు సంగతి. చిన్న స్పీకర్‌లోనే ఇంత బాగుంటే మంచి హెడ్‌ఫోన్స్‌లో ఇంకెలా ఉంటుందో అని కాస్త డబ్బు పోసి ఒకటి కొన్నా. పెట్టుకుంటే గుంపు సన్నబడిపోయింది! డ్రమ్స్‌తో వచ్చే సింబల్స్ మొద్దుగా, కోరస్ అంతా ఒకే గదిలో ఇరుక్కున్నట్టు. హెడ్‌ఫోన్స్ పోయాయేమో అని వేరే ఆల్బమ్స్ పెడితే అవి మెరిసిపోతున్నాయి, యాప్‌లో క్వాలిటీ సెట్టింగ్ మార్చి చూశా, అదే కథ. చివరికి విసుగొచ్చి దీన్ని ఎలా రికార్డ్ చేశారో చదివితే, పెద్ద స్టూడియో, పెద్ద ఆర్కెస్ట్రా ఏమీ లేవు. మామూలు మైకులు, రోలండ్ కంపెనీ చిన్న రికార్డర్ పెట్టె, అదీ 32 కిలోహెర్ట్జ్‌లో, అంటే శబ్దాన్ని సెకనుకి 32 వేల సార్లు కొలిచే రేటులో. సీడీకే 44.1 ఉంటుంది. ఆ రేటులో సగం వరకే శబ్దం పడుతుంది కాబట్టి 16 వేల హెర్ట్జ్ పైన ఉండే బాగా సన్నటి శబ్దాలు అందులో ఏమీ ఉండవు. నా వయసుకి అంత పైన వినపడేదీ అంతంతమాత్రమేలెండి, తప్పంతా ఆ అంకెదే అనను. వాయిద్యాలు చాలావరకు ఆయనే ఒకదాని తర్వాత ఒకటి వాయించి పేర్చుకున్నాడు, తంత్రీ వాద్యాలకి నలుగురు, కొద్దిమంది కోరస్, అంతే. అంటే నేనిన్నాళ్లూ ఊరనుకున్నది గుప్పెడు మంది. అది తెలిశాక కోపం పోయి ముచ్చటేసింది, ఎందుకో చెప్పలేను.

హెడ్‌ఫోన్స్ గెలిచిన పాట ఒకటుంది. జాన్ వేన్ గేసీ అనే సీరియల్ కిల్లర్ మీద పాట, చివర్లో ఒక ఊపిరి వినిపిస్తుంది, స్పీకర్‌లో నాకెప్పుడూ పట్టుబడలేదు. రాత్రిపూట మాత్రం వినను. క్యాన్సర్‌తో పోయిన అమ్మాయి గురించి పాడే 'కాసిమీర్ పులాస్కీ డే'కి ఏ హెడ్‌ఫోన్సూ అక్కర్లేదు, ఆ బాంజో, మధ్యలో వచ్చే ట్రంపెట్ ఫోన్ స్పీకర్‌లో విన్నా గొంతు పట్టేస్తుంది.

డిలీట్ కాదన్నాను గానీ, మొత్తం 22 ట్రాకులూ నా దగ్గర లేవు. మధ్యలో వచ్చే చిన్నచిన్న ముక్కలు, అందులో ఒకటైతే పట్టుమని పది సెకన్లు కూడా ఉండదు, అవన్నీ తీసేశా. షఫుల్‌లో వింటే మరీ చిరాకు. 74 నిమిషాలు వరసగా వింటే చివరి పావు భాగంలో ఆ గుంపే కొంచెం అలుపు తెప్పిస్తుంది కూడా. 2006లో మిగిలిపోయిన పాటలతో ఇంకో ఆల్బమ్ వచ్చింది, అందులో 'షికాగో' మళ్లీ మూడు రకాలుగా ఉంటుంది. నాకు అకూస్టిక్‌ది నచ్చింది, హడావుడి బాగా తక్కువ.

కొత్తగా వినేవాళ్లు ఏదైనా పని చేసుకుంటూ స్పీకర్‌లో మొదటి సగం పెట్టి చూడండి, నాలాగా మాటలు సగమే పట్టించుకునేవాళ్లకి అది చాలు. మాటలు జాగ్రత్తగా వినేవాళ్లయితే ఇంకా ఎక్కువ దొరుకుతుందేమో, లేదా గేసీ పాట దగ్గరే ఆపేస్తారేమో. కొత్త హెడ్‌ఫోన్స్ టెస్ట్ చేసుకోవడానికి మాత్రం వేరే ఏదైనా చూసుకోండి.