ద్వారకానగర్‌లో లేడీస్ హాస్టల్: ఊరి బియ్యం తీసుకుంటారు

మా మేనకోడలు ఈ హాస్టల్లో చేరి పది నెలలైంది. ఆడపిల్లల్ని కోచింగ్‌కి వైజాగ్ పంపాలనుకునే మా శ్రీకాకుళం వైపు వాళ్ళు తరచూ నాకు ఫోన్ చేసి అడుగుతున్నారు, అందుకే తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను. హాస్టల్ నుంచి పబ్లిక్ లైబ్రరీకి నడిచి ఐదారు నిమిషాలు, ఆర్టీసీ కాంప్లెక్స్‌కి పది.

దీనికి ముందు వేరే హాస్టల్లో చేర్పించాం. ఐదు వేలు అడ్వాన్స్ కట్టించుకున్నారు, నెల తిరక్కుండా ఖాళీ చేస్తే రూపాయి కూడా వెనక్కి ఇవ్వలేదు. డబ్బు పోతే పోయింది కానీ, ఊరి నుంచి తెచ్చిన బియ్యం బస్తాని పురుగు పడుతుందంటూ లోపల పెట్టనివ్వలేదు, రెండు రోజులు మెట్ల కిందే ఉంది. అది చూసి పిల్ల ఏడ్చేసింది.

ఆ బస్తా సంగతి చెప్పాలి. మా బావ పోయి నాలుగేళ్ళయింది, అక్కకి ఉన్నది ఎకరం లోపు. డిగ్రీ అయ్యాక పిల్ల ఎస్సై పరీక్షలకి చదువుతానంటే, చదివించాలని ఉన్నా నెలనెలా అంత డబ్బు ఎక్కడి నుంచి తెస్తానని అక్క రెండు నెలలు నిద్రపోలేదు. ఊళ్ళో ఎవరు మొదలుపెట్టారో గానీ రామకోవెల దగ్గర మాట్లాడుకుని ఇంటికో కుంచం బియ్యం పోశారు. డ్వాక్రా సంఘంలో లోన్ వంతు వేరే ఆవిడది, ఆవిడ ‘ముందు నువ్వు తీసుకో’ అని అక్కకి వదిలేసింది. పింఛను డబ్బుల్లోంచి వంద తీసిచ్చిన ముసలాయన ‘మన ఊసవానిపేట పిల్ల సిడ్నీ దాకా వెళ్ళి పతకం తేలేదా’ అన్నాడు. కరణం మల్లేశ్వరి 2000లో ఒలింపిక్ కాంస్యం తెచ్చి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ అయింది. ఆవిడ ఊరు మాకు దగ్గరే కాబట్టి మా వైపు ఏ ఆడపిల్ల బయటికి వెళ్తానన్నా ముందు ఆ మాటే వస్తుంది.

అదే బస్తా ఇక్కడికి తెచ్చినప్పుడు హాస్టల్ నడిపే ఆవిడ గింజలు చేతిలో పోసుకుని చూసి, ‘ఇన్ని రకాలు కలిశాయేంటి బాబూ, ఎవరివి?’ అని అడిగారు. ఊరందరివీ అమ్మా అన్నాను. ఇంకేమీ అడక్కుండా తూకం వేయించి నోట్‌బుక్ తెరిచి, పైన పిల్ల పేరు కాదు, మా ఊరి పేరు రాసి, దాని కింద కిలోలు వేశారు. ఆ పుస్తకంలో పాలకొండ వైపు ఊళ్ళూ, పాడేరు వైపు ఊళ్ళూ కనిపించాయి. ఆ క్షణంలోనే పిల్లని ఇక్కడే ఉంచాలని తేల్చుకున్నాను.

లెక్క ఇలా ఉంటుంది. గదికి నలుగురు, భోజనంతో కలిపి నెలకి 5,500. బియ్యం మనమే ఇస్తే నెలకి 12 కిలోలు తీసుకుని 600 తగ్గిస్తారు. అడ్వాన్స్ ఒక నెలది, వెళ్ళేటప్పుడు తిరిగి ఇచ్చేస్తారు (మా ఎదురుగానే ఒక అమ్మాయికి ఇచ్చారు). పంట ఇంటికి రాగానే కొత్త బియ్యం పంపేయకండి, అన్నం ముద్దయిపోతుంది. పంపినా వద్దనరు, పక్కన పెట్టి ముందు పాతవి వండుతారు. మేము పలాస నుంచి వచ్చే పాసింజర్లో శ్రీకాకుళం రోడ్ స్టేషన్ దగ్గర ఎక్కిస్తాం, వైజాగ్‌లో కూలి పని చేసే మా ఊరి కుర్రాళ్ళు ఎవరో ఒకరు దింపి తెస్తారు.

తిండి ఇంటి తిండిలాగే ఉంటుంది. పొద్దున్న రన్నింగ్‌కి వెళ్ళే పిల్లలకి చోడి అంబలి ఇస్తారు, సీజన్లో పనసపొట్టు కూర ఆవ పెట్టి చేస్తారు, మా పిల్ల దాని గురించి అరగంట ఫోన్లో చెప్పింది. ఎస్సై ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు ఉంటుంది కదా, దానికి ఐదింటికే యూనివర్సిటీ గ్రౌండ్‌కి బయల్దేరాలి. చీకట్లో ఆడపిల్లలు ఎలా వెళ్తారని నాకు టెన్షన్‌గా ఉండేది. హాస్టల్ నడిపే ఆవిడ భర్త రోజూ వాళ్ళతో నడిచి వెళ్ళి, అక్కడే కూర్చుని, తీసుకొస్తారు. దీనికి ఏమీ తీసుకోరు.

ఇబ్బందులు కూడా ఉన్నాయి. ఎండాకాలంలో నీళ్ళు చాలవు, ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్ వచ్చేదాకా బకెట్లు వరసలో పెట్టుకోవాలి. రెండో అంతస్తులో ఇరవై మందికి రెండే బాత్రూమ్‌లు, ఇది మాత్రం మార్చి తీరాలి. గేటు తొమ్మిదింటికి వేసేస్తారు, లైబ్రరీ నుంచి ఆలస్యంగా వచ్చే వాళ్ళు ముందే చెప్పకపోతే కూర అయిపోయి పచ్చడి, మజ్జిగే మిగులుతాయి. ఈ విషయం నేనే ఆవిడతో మాట్లాడాను, ఇప్పుడు చెప్పిన వాళ్ళకి కంచంలో తీసి మూత పెడుతున్నారు.

జూన్‌లో నాలుగు మంచాలు ఖాళీ అవుతాయట. వెళ్తే అక్కనో అమ్మనో కూడా తీసుకెళ్ళండి, వంటిల్లు చూపించమంటే కాదనకుండా చూపిస్తారు. బస్తా తెస్తే దాని మీద ఊరి పేరు పెద్ద అక్షరాలతో రాయండి, అక్కడ ఇప్పటికే చాలా బస్తాలున్నాయి.