పాత బేస్‌బాల్ కార్డు: గ్రేడింగ్‌కి పంపాలా, అలాగే ఉంచుకోవాలా?

అమెరికాలో ఎవరి అటక మీదైనా టాప్స్ కంపెనీ 1952లో వేసిన, బేస్‌బాల్ దిగ్గజం మికీ మాంటిల్ కార్డు దొరికితే గ్రేడింగ్‌కి పంపాల్సిందే. దానికి రీప్రింట్లు, నకిలీలు బోలెడు. కొనేవాళ్ల మొదటి అనుమానం అదే. పీఎస్‌ఏ, ఎస్‌జీసీ లాంటి సంస్థలు కార్డు అసలైనదేనా, అంచులు కత్తిరించారా, రంగు పూశారా అని పరీక్షిస్తాయి. మూలలు, అంచులు, ఉపరితలం చూసి, బొమ్మ సరిగ్గా మధ్యలో ఉందో లేదో గమనించి, 1 నుంచి 10 వరకు గ్రేడు ఇచ్చి ప్లాస్టిక్ కేసులో సీలు వేస్తాయి. ఎస్‌జీసీ 9.5 వచ్చిన ఒక మాంటిల్ కార్డు 2022లో 1.26 కోట్ల డాలర్లు పలికింది.

అలాగని గ్రేడు వేదవాక్కు కాదు. పీఎస్‌ఏ మొట్టమొదట గ్రేడు చేసిన కార్డు, టీ206 అనే పాత సిగరెట్ కార్డుల సిరీస్‌లోని ఆటగాడు హోనస్ వాగ్నర్‌ది; దానికి 8 వచ్చింది. గ్రేడింగ్‌కి ముందే దాని అంచులు కత్తిరించానని వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో తర్వాత కోర్టులో ఒప్పుకున్నాడు.

ఇక అంతగా పేరులేని ఆటగాళ్ల కార్డులు, మూలలు అరిగినవి ఉన్నాయి కదా, వాటిని కదిలించకండి. చాలాసార్లు ఫీజే కార్డు ధరను మించుతుంది, పైగా పోస్టులో ఏమవుతుందోనన్న టెన్షన్. ఒక సిరీస్‌లోని కార్డులన్నీ పోగేసి సెట్టు పూర్తి చేసేవాళ్లకైతే ఆల్బమ్‌లో పేజీ తిప్పుతూ చూసుకోవడంలోనే ఆనందం ఉంది. నాకూ అదే ఇష్టం.

ఏది ఎంచుకున్నా కార్డుని తుడవకండి, రబ్బరుతో రుద్దకండి. అంచులు కత్తిరించారేమో తెలియాలంటే పంపేముందు స్కేలు పెట్టి కొలవండి: 1952 టాప్స్ కార్డు వెడల్పు 2⅝ అంగుళాలు, ఎత్తు 3¾.