నాలుగో నంబరు ఇనుప చిత్రిక: ఏళ్ల తరబడి వాడాక

ఇంట్లో ఓ మూల పని బల్ల వేసుకుని చెక్కపని మొదలుపెట్టేవాళ్లు ముందుగా కొనే పనిముట్లలో నాలుగో నంబరు ఇనుప చిత్రిక ఒకటి. అడుగు భాగం పొడవు సుమారు 240 మిల్లీమీటర్లు, బ్లేడు వెడల్పు 50, బరువు 1.7 కిలోలకు అటూ ఇటూ. లోపలి అమరిక బెయిలీ పద్ధతిది. వెనకున్న ఇత్తడి చక్రం తిప్పితే బ్లేడు కిందికి దిగుతుంది, పై మీటను పక్కకు జరిపితే బ్లేడు ఒరుగు సరవుతుంది. లియొనార్డ్ బెయిలీ పేటెంట్లను స్టాన్లీ కంపెనీ 1869లో కొన్నది. ఆ అమరిక ఇప్పటికీ పెద్దగా మారలేదు, కాబట్టి ఈ మాటలు ఆ తరహా చిత్రికలన్నిటికీ సరిపోతాయి. మామూలు రకాన్ని ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం ఇది: చిన్న గదిలో ఇంత పనికొచ్చే పనిముట్టు మరొకటి లేదు, అయితే పెట్టెలోంచి తీసేది సగం తయారైన సరుకు. మిగతా సగం కొన్నవాళ్లే చేసుకోవాలి.

ముందు బ్లేడు వీపు, అంటే ఏటవాలు లేని చదును వైపు చూడండి. ఫ్యాక్టరీ గీతలు కంటికే కనిపిస్తాయి. అంచు నుంచి 10–15 మిల్లీమీటర్ల మేర చదునైతే చాలు, మొత్తం నునుపు చేయడం వృథా శ్రమ. 400 గరుకు నంబరున్న డైమండ్ ప్లేటు మీద గీతలు పోయేదాకా రుద్ది, 1000 మీద సాపు చేసి, చివర తోలు పట్టీ మీద లాగాలి. ఏటవాలు వైపు 25 డిగ్రీలకే ఉంటుంది. దాని కొసన 30 డిగ్రీలకు సన్నని రెండో వాలు పెడితే నూరాల్సిన ఇనుము తగ్గుతుంది. నూరేటప్పుడు వీపు వైపు సన్నగా ఇనుము మడత లేస్తుంది, బొటనవేలిని అంచు నుంచి బయటికి జరిపితే గరుగ్గా తగులుతుంది. అది బ్లేడు వెడల్పంతా తగిలేదాకా తర్వాతి రాయికి వెళ్లకండి. నూరినా తెగడం లేదనేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే తొందరపడతారు. ఆఖర్లో రెండు మూలల మీద వేలు నొక్కి నాలుగైదు సార్లు ఎక్కువ నూరితే, చదును చేసిన పలక మీద మూలల గీతలు పడవు.

అడుగు చదును గురించి జనం అనవసరంగా ఎక్కువ బెంగపెట్టుకుంటారు. ముందు కొస, నోటి (బ్లేడు బయటికి వచ్చే సందు) ముందు అంచు, వెనక కొస ఒకే మట్టంలో ఉంటే చాలు, మధ్యలో కాస్త పల్లం ఉన్నా పని చెడదు. మందపాటి గాజు పలక మీద 80 నంబరు ఎమ్రీ కాగితం అంటించి, అడుగున మార్కరుతో అడ్డగీతలు గీసి రుద్దితే ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది. ఈ పనంతా బ్లేడును లోపలికి లాగి, బ్లేడును పట్టి ఉంచే పై బిగింపు మాత్రం బిగించే ఉంచి చేయాలి. ఆ బిగింపుకు పోత ఇనుము రవ్వంత వంగుతుంది. వదులు చేసి చదును చేస్తే బిగించాక మళ్లీ వంకరే.

అసలు తేడా వచ్చేది చిప్ బ్రేకర్ దగ్గర, అంటే బ్లేడు వీపు మీద స్క్రూతో బిగించి ఉండే ఇనుప రేకు దగ్గర. బ్లేడు వాలు కిందికి ఉండే చిత్రిక ఇది, దాన్ని 30కి నూరినా 33కి నూరినా చెక్కను కోసే కోణం 45 డిగ్రీలే. అందుకని ఎదురు వాటంలో పేళ్లు లేవకుండా ఆపడానికి చేతిలో ఉన్న పెద్ద ఆయుధం చిప్ బ్రేకరే. చెక్క పొర అంచు కంటే ముందుకు చీలిపోయేలోపే దాన్ని వంచి విరవడం దీని పని. దూరంగా పెడితే ఆ పని చేయలేదు. బండగా చెక్క తీసేటప్పుడు అంచు నుంచి 1.5 మిల్లీమీటర్లు, మామూలు పనికి 0.8, వేప లాంటి అడ్డదిడ్డం నార ఉన్న చెక్క మీద చివరి విడతకు 0.2–0.3. అంత సన్నని కొలత స్కేలుకు అందదు. దీపం కింద పట్టుకుంటే చిప్ బ్రేకర్ ముందు బ్లేడు వీపు మెరుపు గీతలా కనిపిస్తుంది, ఆ గీత వెడల్పే గుర్తు. స్క్రూ పూర్తిగా బిగిస్తే చిప్ బ్రేకర్ కొద్దిగా ముందుకు జారుతుంది, ఆ మేరకు ముందే చోటు వదలాలి. సరిగ్గా కుదిరితే పొట్టు చుట్టలు తిరగకుండా నిటారుగా పైకి లేస్తుంది. ముడతలు పడుతూ వస్తే మరీ దగ్గరైందని అర్థం.

చిప్ బ్రేకర్ కొసకూ బ్లేడుకూ మధ్య వెలుతురు కనిపిస్తే ఇవేవీ పనిచేయవు. ఆ సందులో పొట్టు ఇరుక్కుని నోరు పూడుకుపోతుంది. దాని అడుగు అంచును, వెనక భాగం కాస్త కిందికి ఉండేలా రాయి మీద పెట్టి రుద్దితే అంచు ఒక్కటే గట్టిగా ఆనుతుంది. బ్లేడు ఆనుకునే ఫ్రాగ్‌ను ముందుకు జరిపి నోరు ఇరుకు చేయమనే సలహా చాలాచోట్ల వినిపిస్తుంది. దాన్ని నేను సమర్థించను. చిప్ బ్రేకర్ దగ్గరగా ఉన్నప్పుడు నోరు కూడా ఇరుకైతే పొట్టుకు దారి ఉండదు. ఫ్రాగ్ ముఖం నోటి వెనక అంచుతో సమంగా ఉంటే బ్లేడుకు కింది దాకా ఆసరా దొరుకుతుంది, అదరదు.

లోపాలూ ఉన్నాయి. ఇత్తడి చక్రం ఎటు తిప్పినా ముందు కొంత ఖాళీగా తిరుగుతుంది. లోతు ఎప్పుడూ బ్లేడును దించే దిశలోనే ముగించాలి, లేకపోతే నాలుగు తోపులకే బ్లేడు వెనక్కి జరిగిపోతుంది. పై బిగింపు, ఇత్తడి చక్రం వేళ్లతో తిరిగేంత వదులుగా, మీట దానంతటది జరగనంత గట్టిగా ఉండాలి. పొడి కాలంలో కొయ్య పిడి కుంచించుకుపోయి ఊగుతుంది. అప్పటికే లోపలి కడ్డీ మరలు అడుగున తగిలి ఉంటాయి కాబట్టి ఎంత బిగించినా ప్రయోజనం లేదు. పైన ఒక వాషర్ వేయడమో, కడ్డీ కొస ఒక మిల్లీమీటరు అరగదీయడమో చేస్తే సరిపోతుంది. తేమ కాలంలో వేలిముద్రల వెంబడే తుప్పు పడుతుంది, పని అయ్యాక నూనె గుడ్డతో తుడవాలి. అడుగున కొవ్వొత్తితో రెండు గీతలు గీస్తే తోపుడు బరువు వెంటనే తగ్గుతుంది. దీనంత చవకైన ఉపాయం చెక్కపనిలో ఇంకొకటి నాకు కనపడలేదు.

టేకు మీద పనిచేస్తే అంచు తొందరగా మొండిబారుతుంది, ఆ చెక్కలో సిలికా ఉంటుంది మరి. ప్లైవుడ్ మీద అసలు వాడకండి, జిగురు పొరలు అంచును తినేస్తాయి. అడ్డకోత కొసలు తోసేటప్పుడు అవతలి మూలను ముందే ఏటవాలుగా కొట్టేయాలి, లేదంటే అక్కడ చెక్క ఊడివస్తుంది. రెండు పలకల అంచులు కలిపి అతికించాలంటే అర మీటరు పొడవు దాకా దీంతో నెట్టుకురావచ్చు. ఆపైన పొట్టి అడుగు చెక్కలోని పల్లాల్లోకి దిగుతూ ఎక్కుతూ పోతుంది, అంచు తిన్నగా రాదు. దానికి 560 మిల్లీమీటర్ల ఏడో నంబరు ఉండాలి.

మందపాటి బ్లేడు వేస్తే బాగుంటుందంటారు. అదరడం తగ్గే మాట నిజం. కానీ మామూలు బ్లేడు 2 మిల్లీమీటర్ల మందమే, 3 మిల్లీమీటర్లది నోట్లో పట్టకపోవచ్చు. అప్పుడు నోటి ముందు అంచును ఆకురాయితో అరగదీయాలి, అరిగిన ఇనుము మళ్లీ రాదు. పైగా లోతు మార్చే కొక్కెం మందపాటి బ్లేడును దాటి చిప్ బ్రేకర్ గాడికి పూర్తిగా అందకపోవచ్చు. పాత బ్లేడునే బాగా నూరి, చిప్ బ్రేకర్ సరిచేసి కొన్నాళ్లు వాడి చూడండి, ఆ తర్వాతే మందపాటి దాని గురించి ఆలోచించండి.