స్వర్ణ సబ్‌-1 వరి విత్తనం: పర్లాకిమిడి పల్లపు మడిలో ఒక ఖరీఫ్

మహేంద్రతనయ నది ఒడ్డున, ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గర ఉన్న మా పల్లపు మడిలో ఈ ఖరీఫ్‌కు స్వర్ణ సబ్‌-1 వేశాము. మారుటేరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ రకానికి, ఒడిశా నాటు వరి నుంచి వచ్చిన ఎఫ్‌ఆర్‌13ఎ అనే రకంలోని ముంపును తట్టుకునే జన్యువును చేర్చి రూపొందించిన ఈ రకం 2009లో మన దేశంలో విడుదలైంది. నాట్లు వేసిన నెలకు పైరు పది రోజులు నీట మునిగింది. నీరు తీసిన వారానికి, కుళ్ళిన ఆకుల మధ్య నుంచి లేత మొవ్వు పైకి రావడం చూసి మా నాన్నగారు గట్టు మీదే కూర్చుండిపోయారు. మునిగినప్పుడు ఎదుగుదల ఆపి శక్తిని దాచుకోవడమే దీని గుణం. ముంపు రెండు వారాలు దాటితే మాత్రం నమ్మకం పెట్టుకోలేము. గింజ, దిగుబడి స్వర్ణవే. అయితే విత్తనం ఆలస్యంగా దొరికింది, అమ్మినవారు సాగు వివరాలేవీ చెప్పలేదు. మూట మీద ఒడియాతోపాటు తెలుగులోనూ ఆ వివరాలు ముద్రించాలని కోరుతున్నాను.