జీడిపప్పు కొట్టు లెక్కలకు కొన్న సాఫ్ట్‌వేరా, ఓపెన్ సోర్సా?

పలాసలో జీడిపప్పు కొట్టు నడిపే మా బావగారిది ఒకటే సందేహం: బిల్లింగుకు డబ్బు పెట్టి కొనాలా, ఓపెన్ సోర్స్‌ది (కోడ్‌ను ఎవరైనా చూడగలిగేలా బయటపెట్టినది) పెట్టుకోవాలా?

ఖర్చు: కొన్నదానికి ఏటా చందా, రెండోది ఉచితం.

శ్రమ: కొన్నదయితే మనిషి వచ్చి పెట్టి వెళ్తాడు, రెండోదానితో మనమే కుస్తీ పట్టాలి.

దొడ్డిదారి (సాఫ్ట్‌వేర్‌లో రహస్యంగా దాచిన చొరబాటు మార్గం) భయం: రెండింటికీ ఉంది. 2020లో బయటపడిన సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వ్యవహారంలో ఆ కంపెనీ పంపిన అప్‌డేట్‌లోనే దొడ్డిదారి దాగి దాదాపు 18,000 సంస్థలకు చేరింది. కొన్నవాళ్లకు కోడ్ చూసే వీలే లేదు. 2024లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లోనూ దొడ్డిదారి పెట్టారని బయటపడింది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వితే దొరికింది.

కొట్లో కంప్యూటర్ తెలిసిన కుర్రవాడుంటే ఓపెన్ సోర్స్, లేకపోతే కొన్నదే. బావగారు జేబులోంచి తీసిన పెన్‌డ్రైవ్‌లోని దొంగ కాపీ మాత్రం వద్దన్నాను. ఎక్కించే ముందు యాంటీవైరస్ ఆపమంటోంది!