శిథిలాల పనిలో ఇంటి నుంచి ఉద్యోగం: ఫీల్డా, టికెట్ డేటానా, గ్రాంటు పనా? ఏది మేలు?

అమెరికాలో హరికేనో, టోర్నడోనో, కార్చిచ్చో వచ్చి వెళ్లిన కొద్ది రోజులకే ఉద్యోగాల సైట్లలో 'డెబ్రిస్ (శిథిలాల) మానిటర్, రిమోట్' అనే ప్రకటనలు మొదలవుతాయి. ఆ రెండు మాటలకూ పొంతన లేదు. మానిటర్ అంటే ట్రక్కులోకి ఏం ఎక్కుతోందో, ఎంత ఎక్కిందో కళ్లారా చూసి రాసే మనిషి. అది ఇంట్లో కూర్చుని చేసే పని కాదు. అలాంటి ప్రకటనలో 'రిమోట్' అంటే చాలాసార్లు 'ఫలానా ఆఫీసంటూ లేదు, ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లాలి' అని అర్థం. ఇంటి నుంచి చేసే ఉద్యోగాలు ఈ రంగంలో ఉన్నాయి. అవి మానిటర్ రాసిన టికెట్, అంటే ఒక్కో లోడు లెక్క ఉన్న చీటీ, చేతులు మారుతూ వెళ్లే దారి పొడవునా ఉన్నాయి. ఆ టికెట్ కథ తెలిస్తేనే ఏ ఉద్యోగం మేలో తూకం వేయగలం.

డబ్బంతా ఒక్క టికెట్ మీద

విపత్తు సాయానికి ఉద్దేశించిన సమాఖ్య చట్టం స్టాఫర్డ్ చట్టం. దాని కింద విపత్తు ప్రకటన వస్తే, శిథిలాల తొలగింపుకు అయిన ఖర్చులో కనీసం 75 శాతాన్ని ఫీమా (సమాఖ్య విపత్తు నిర్వహణ సంస్థ) తన పబ్లిక్ అసిస్టెన్స్ కార్యక్రమం ద్వారా తిరిగి ఇస్తుంది. ఆ కార్యక్రమంలో శిథిలాల పని 'కేటగిరీ ఎ'. కౌంటీ లేదా నగరం ముందుగా ఒక తొలగింపు కాంట్రాక్టరును పెట్టుకుంటుంది. యాష్‌బ్రిట్, సెరెస్, క్రౌడర్‌గల్ఫ్ ఈ కోవలోవి. ఆ కాంట్రాక్టరుపై కన్నేసి ఉంచడానికి వేరే సంస్థను మానిటరింగుకు పెడుతుంది. టెట్రా టెక్, థాంప్సన్ కన్సల్టింగ్ సర్వీసెస్ లాంటివి ఆ పని చేస్తాయి. మోసేవాడూ లెక్క రాసేవాడూ ఒకరే కాకూడదన్నది ఇక్కడి మూల సూత్రం. తొలగింపుకు ఎక్కువగా క్యూబిక్ యార్డుల (ఘన గజాల) లెక్కన చెల్లిస్తారు, మానిటరింగుకు గంటల లెక్కన.

పని మొదలయ్యే ముందు ప్రతి ట్రక్కు తొట్టినీ టేపుతో కొలిచి, అందులో ఎన్ని యార్డులు పడతాయో లెక్కగట్టి, ఆ అంకెను ట్రక్కు నంబరుతో కలిపి పక్కన అంటిస్తారు. వీధిలో ఉన్న మానిటర్ టికెట్ తెరుస్తాడు: చోటు, సమయం, శిథిలాల రకం, ట్రక్కు నంబరు. తాత్కాలిక నిల్వ స్థలం దగ్గర టవర్ మీద నిలబడ్డ మానిటర్ పై నుంచి చూసి, తొట్టి ఎంత శాతం నిండిందో రాసి టికెట్ మూస్తాడు.

62 యార్డుల ట్రక్కు 70 శాతం నిండితే 43.4 యార్డులు. అదే లోడుకు టవర్ మీద ఉన్నవాడు ఉదారంగా 85 రాస్తే 52.7. తేడా 9.3 యార్డులు. యార్డుకు 12 డాలర్లు అనుకుంటే ఒక్క లోడుకు 111.60 డాలర్లు, వంద లోడ్లకు 11,160 డాలర్లు. లెక్క తేలకపోతే ఆ డబ్బు ఫీమా ఇవ్వదు, ఊరి పన్నుల్లోంచి కట్టాలి. ఇంటి నుంచి చేసే ఉద్యోగాలన్నీ ఈ తేడాను ముందే పట్టుకోవడానికీ, తర్వాత రుజువు చేయడానికీ పుట్టినవే.

ఫీల్డ్ మానిటర్

చేరడానికి అన్నిటికంటే సులువు ఇదే. డిగ్రీ అడగరు. డ్రైవింగ్ లైసెన్సు, సొంత బండి, స్మార్ట్‌ఫోన్, బూట్లు, హెల్మెట్, మెరిసే చారల జాకెట్ ఉంటే చాలు. పొద్దుపొడుపు నుంచి చీకటి పడేదాకా, చాలాసార్లు రోజుకు 12 గంటలు, వారానికి 7 రోజులు. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్ల జీతం ఇవ్వాలని సమాఖ్య కార్మిక చట్టం చెబుతుంది కాబట్టి ఆ వారాల్లో చేతికి బాగానే వస్తుంది. వాన పడి ట్రక్కులు ఆగిన రోజున మాత్రం గంటలు ఉండవు. ట్రక్కులు తగ్గేకొద్దీ మానిటర్లనూ తగ్గిస్తారు, అదీ ఒకటి రెండు రోజుల ముందు మాత్రమే చెప్పి.

అయినా ఈ పనిని తక్కువగా చూడకూడదు. వేలాడే కొమ్మ విరిగిన చోట కనీసం 2 అంగుళాల లావు ఉండాలి. ప్రమాదకరమైన చెట్టు నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో కనీసం 6 అంగుళాలు ఉండాలి. మొద్దు అయితే రెండడుగుల ఎత్తులో 24 అంగుళాలు, వేళ్లలో సగమైనా బయటపడి ఉండాలి. వీటిని టేపుతో కొలిచి, ఫోటో తీసి, జీపీఎస్ నమోదు చేసిన మనిషికి, తర్వాత తెర మీద అదే ఫోటో చూస్తే ఏది లోపించిందో క్షణంలో తెలుస్తుంది. ఇంట్లో కూర్చుని నేర్చుకునేవాళ్లకు ఆ చూపు రావడానికి నెలలు పడుతుంది.

టికెట్ డేటా, ఇన్‌వాయిస్ సరిచూపు

ఇంటి నుంచి మొదలుపెట్టదలచిన వాళ్లకు అన్నిటికన్నా మంచి తలుపు ఇది. బిల్లింగ్, బ్యాంకు, ఆడిట్, డేటా పనుల్లో ఉన్నవాళ్లు దాదాపు నేరుగా రాగలరు. కాగితం టికెట్లు ఇంకా కొన్నిచోట్ల ఉన్నా, పెద్ద పనుల్లో ఇప్పుడు చేతి పరికరంలోనే టికెట్ పుట్టి సర్వర్‌కు చేరుతుంది. కాంట్రాక్టరు ఇన్‌వాయిస్ పంపుతాడు. దానిలోని ప్రతి వరుసా మానిటరింగ్ సంస్థ డేటాలో ఒక టికెట్‌తో జతపడాలి. జతపడనిది పక్కకు తీయాలి, కారణం రాయాలి, కాంట్రాక్టరుతో మాట్లాడి తేల్చాలి, ఆ తర్వాతే చెల్లింపుకు సిఫారసు.

పని క్రమం ఇలా ఉంటుంది. ముందు టికెట్ నంబర్లు రెండుసార్లు వచ్చాయేమో చూడాలి. ఎక్సెల్‌లో కౌంట్‌ఇఫ్స్ అనే లెక్కింపు ఫార్ములా చాలు. తర్వాత ట్రక్కు సామర్థ్యాల పట్టిక నుంచి అంకె తెచ్చి, శాతంతో గుణించి, టికెట్ మీది యార్డులతో పోల్చాలి. కొత్తవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే. పని మధ్యలో ట్రక్కుకు పక్క చెక్కలు తీసేస్తారు, లేదా ఎత్తు పెంచుతారు, మళ్లీ కొలుస్తారు. కాబట్టి ఒకే ట్రక్కు నంబరుకు రెండు సామర్థ్యాలు, రెండు తేదీలు ఉంటాయి. తేదీ చూడకుండా నంబరుతో మాత్రమే వెతికితే వందల టికెట్లు తప్పుడు లెక్కతో సరిపోయినట్టు కనిపిస్తాయి. యంత్రంతో కాకుండా చేత్తో నింపిన ట్రక్కు, ట్రైలర్ల లోడును ఫీమా సగానికి తగ్గిస్తుంది. ఆ గుర్తు డేటాలో ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

ఆ తర్వాత రాకపోకల సమయం. 25 మైళ్ల దూరంలో ఎత్తిన లోడు 18 నిమిషాల్లో టవర్ దగ్గరకు చేరినట్టుంటే, పరికరం గడియారమైనా తప్పు, చోటైనా తప్పు, ఇంకేదైనా అయినా కావచ్చు. వెంటనే మోసం అనుకోవద్దు, కానీ వదిలేయనూ వద్దు. ఎత్తిన చోట జీపీఎస్ బిందువు నగర సరిహద్దు బయట పడిందా, ప్రైవేటు రోడ్డు మీద పడిందా, సమాఖ్య సాయం అందే రహదారి మీద పడిందా అన్నది వేరే పరీక్ష. ప్రైవేటు రోడ్డయితే ముందస్తు అనుమతులు కావాలి, రహదారి అయితే ఖర్చు ఇంకో శాఖ కార్యక్రమం కిందికి పోవచ్చు. ఒకే టవర్ మానిటర్ వరుసగా అన్ని లోడ్లకూ 95, 100 రాసి ఉంటే సూపర్‌వైజర్‌కు ఆ రోజే చెప్పాలి. నెల తర్వాత చెబితే సరిదిద్దడానికి లోడు అక్కడ ఉండదు.

స్థూలంగా సరిచూసే పరీక్ష కూడా ఒకటుంది. కొమ్మలూ చెట్లూ రుబ్బితే పరిమాణం సుమారు నాలుగో వంతుకు తగ్గుతుంది. నిల్వ స్థలానికి లక్ష యార్డులు వచ్చి, బయటికి వెళ్లిన పొట్టు టికెట్లు 40,000 యార్డులు చూపిస్తే, రెండు వైపుల్లో ఎక్కడో అంకె తప్పింది. ఈ పరీక్ష వారానికోసారి చేసేవాళ్లను పై అధికారులు వదులుకోరు.

లోటు కూడా చెప్పాలి. సీజన్‌లో రాత్రి టవర్లు మూతపడ్డాకే ఆ రోజు డేటా పూర్తవుతుంది కాబట్టి పని సాయంత్రాలకు జరుగుతుంది, ఆదివారం సెలవూ ఉండదు. శిథిలాల పని ముగిశాక చివరి ఇన్‌వాయిస్ తేలేదాకా కొన్ని నెలలు ఉంటుంది, ఆపైన మళ్లీ తుపాను రావాలి.

గ్రాంటు పని

నిలకడ కావాలంటే ఇదే మేలు. శిథిలాలు, అత్యవసర చర్యల పనికి నియమం ప్రకారం గడువు 6 నెలలు, శాశ్వత పునర్నిర్మాణానికి 18 నెలలు. పొడిగింపులతో, ముగింపు తనిఖీలతో, అప్పీళ్లతో ఫైళ్లు ఏళ్ల తరబడి నడుస్తాయి. కౌంటీ తరఫున ఫీమా గ్రాంట్స్ పోర్టల్‌లో ప్రాజెక్టు తయారుచేయడం, కాంట్రాక్టు, టెండరు కాగితాలు, టికెట్ల సారాంశం, చెల్లింపు రుజువులు జతచేయడం, ఫీమా సమాచారం అడిగితే గడువులోగా జవాబివ్వడం అసలు పని. హాగర్టీ, టైడల్ బేసిన్ లాంటి సంస్థలు ఈ వైపు పనిచేస్తాయి. ఇందులో చాలా భాగం ఇంటి నుంచే సాగుతుంది.

కాకపోతే ఇక్కడ చదవాల్సింది ఎక్కువ. ఫీమా విధాన మార్గదర్శిని చేతికింద ఉండాలి. దాని అయిదో కూర్పు 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది. విపత్తు ప్రకటన తేదీని బట్టి ఏ కూర్పు వర్తిస్తుందో మారుతుంది, పాత ఫైలుకు కొత్త నియమం రాసేస్తే మొదటికే మోసం. సమాఖ్య కొనుగోలు నియమాలు తెలియాలి. ఖర్చు మీద శాతం చొప్పున లాభం ఇచ్చే కాంట్రాక్టు నిషిద్ధం. టెండరు లేకుండా ఇచ్చిన అత్యవసర కాంట్రాక్టుకు, ఆ అత్యవసరం ఎప్పటిదాకా ఉందో రుజువుండాలి. చెట్లు నిజంగానే తీసేసినా ఈ కాగితం లేక డబ్బు ఆగిపోయే ఫైళ్లుంటాయి. ఫీమా కాదంటే మొదటి అప్పీలుకు 60 రోజులు. ఒక్క రోజు దాటినా వాదనలో ఎంత బలం ఉన్నా పనికిరాదు.

నేరుగా ఫీమాలోనే చేరాలంటే అమెరికా పౌరసత్వం కావాలి. అక్కడి రిజర్విస్టు ఉద్యోగం పిలిచినప్పుడు బయలుదేరేది, ఇంటి పట్టున ఉండేది కాదు. 2025 జనవరిలో సమాఖ్య ఉద్యోగులను ఆఫీసులకు రమ్మన్న అధ్యక్ష ఆదేశం తర్వాత ఆ వైపు రిమోట్ అవకాశం కుదించుకుపోయింది. ఇంటి నుంచే అని పట్టుదల ఉన్నవాళ్లకు ప్రైవేటు సంస్థలే దారి.

మిగిలిన రెండు

ప్రైవేటు స్థలాల్లో శిథిలాలు తీయాలంటే ఇంటి యజమాని ప్రవేశ అనుమతి పత్రం మీద సంతకం చేయాలి, బీమా వివరాలు ఇవ్వాలి. ఒకే నష్టానికి రెండుచోట్ల నుంచి డబ్బు రాకూడదు కాబట్టి. ఆ పత్రాలు తీసుకునే, ఫోన్లు ఎత్తే ఉద్యోగాలు ఇంటి నుంచి దొరుకుతాయి. పని తొందరగా అయిపోతుంది, పైకి ఎదిగే మెట్టు తక్కువ. ఇల్లు పోయిన మనిషితో ఓపిగ్గా మాట్లాడగలిగితేనే వెళ్లాలి. మ్యాపుల పని, అంటే జీఐఎస్, ఆ నైపుణ్యం ముందే ఉన్నవాళ్లకు చక్కటి చోటు. కానీ ఒక్కో ప్రాజెక్టుకు కావలసింది ఒకరిద్దరే.

ఎవరికి ఏది

ఇల్లు వదిలి కొన్ని నెలలు ఉండగలిగితే ఒక సీజన్ ఫీల్డ్, ఆ వెంటనే టికెట్ డేటా. ఇది అన్నిటికంటే గట్టి వరస. కదలలేకపోతే నేరుగా ఇన్‌వాయిస్ సరిచూపుతో మొదలుపెట్టి, ఏడాది రెండేళ్లలో గ్రాంటు వైపు జరగాలి. ప్రభుత్వ కొనుగోళ్లు, న్యాయం, ఆడిట్ నేపథ్యం ఉంటే మధ్య మెట్టు అక్కర్లేదు. హెచ్-4 ఈఏడీ (పని అనుమతి పత్రం), గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ ప్రైవేటు ఉద్యోగాలకు అడ్డు లేదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు పక్క ఆదాయంగా చేయడానికి వీల్లేదు, ఆ యజమాని వేరే పిటిషన్ వేయాల్సిందే.

చదువు దగ్గర డబ్బు ఖర్చు పెట్టనక్కర్లేదు. ఫీమా స్వీయ అధ్యయన కోర్సులు ఉచితం. ముందు విద్యార్థి గుర్తింపు సంఖ్య తీసుకుని, ఐఎస్-100, 200, 700, 800 పూర్తిచేసి, తర్వాత శిథిలాలకే ప్రత్యేకించిన 632, 633 చేయాలి. పరీక్షలో 75 శాతం రావాలి. కార్చిచ్చు బూడిద దగ్గర పనిచేయాలనుకుంటే 40 గంటల హాజ్‌వోపర్ (ప్రమాదకర వ్యర్థాల దగ్గర భద్రత) శిక్షణ అడుగుతారు. ఇంటి నుంచి చేసే పనికి దానికోసం డబ్బు పోయొద్దు.

ఆఫర్ వచ్చాక ఆ సంస్థకు నిజంగా ఆ కౌంటీలో కాంట్రాక్టు ఉందా అని కౌంటీ కమిషన్ సమావేశ పత్రాల్లో చూడండి. మానిటరింగ్ కాంట్రాక్టుల్లో ఒక్కో హోదాకు గంటకు ఎంత వసూలు చేస్తారో పట్టిక ఉంటుంది, అది సాధారణంగా ఎవరైనా అడిగి చూడగల పత్రం. మీ హోదాకు సంస్థ కౌంటీ నుంచి ఎంత తీసుకుంటోందో తెలిసి జీతం మాట్లాడటం వేరు, తెలియక మాట్లాడటం వేరు. డబ్ల్యూ-2నా (సంస్థ ఉద్యోగిగానా), 1099నా (స్వతంత్ర కాంట్రాక్టరుగానా) అడగండి. 1099 అయితే స్వయం ఉపాధి పన్ను 15.3 శాతం మీదే పడుతుంది, ఓవర్‌టైమ్ హామీ ఉండదు. ల్యాప్‌టాప్ కొనుక్కోమని చెక్కు పంపి, మిగిలిన డబ్బు తిరిగి పంపమంటే అది మోసం, అక్కడితో ఆపేయండి. టికెట్లలో జనం ఇళ్ల చిరునామాలు, అనుమతి పత్రాల్లో బీమా వివరాలు ఉంటాయి కాబట్టి, మధ్యలో ఇండియా వెళ్లి అక్కడి నుంచి లాగిన్ అవ్వొచ్చా అన్నది చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.