పద్దెనిమిది బెత్తెల గుర్రాలు: జెత్రో టల్ ఆల్బమ్‌లలో నా ఎంపిక

జెత్రో టల్ అనే బ్రిటిష్ రాక్ బృందాన్ని ఇష్టపడేవారిని వారికి నచ్చిన ఆల్బమ్ ఏదని అడిగితే ఎక్కువగా రెండు పేర్లే వినిపిస్తాయి. ఒకటి 1971లో వచ్చిన ‘ఆక్వాలంగ్’, రెండోది మరుసటి ఏడాది వచ్చిన ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’. ఆ రెండింటి గొప్పతనం విషయంలో నాకు పేచీ లేదు. అయినా ఒక్కటే ఉంచుకొని మిగిలినవన్నీ ఎవరికైనా ఇచ్చేయాల్సి వస్తే, 1978 ఏప్రిల్‌లో వచ్చిన ‘హెవీ హార్సెస్’నే నేను దగ్గర పెట్టుకుంటాను. మహబూబ్‌నగర్ జిల్లాలో, దేవరకద్రకు దగ్గరి పల్లెలో, ఎడ్ల మెడలోని గంటల చప్పుడుకు నిద్రలేస్తూ పెరగడం ఈ ఎంపికకు ఒక కారణమని ముందే ఒప్పుకుంటున్నాను. అదొక్కటే కారణమైతే మాత్రం ఈ సమీక్ష రాయాల్సిన పని ఉండేది కాదు.

జెత్రో టల్ అనేది పాడే మనిషి పేరని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆయన పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు వ్యవసాయదారుడు, 1701 ప్రాంతంలో గుర్రం లాగే విత్తనపు గొర్రును తయారుచేసినవాడు. గింజలను చేత్తో వెదజల్లకుండా సాళ్లలో వేయాలని, పైరు మొలిచాక సాళ్ల మధ్య గుర్రాన్ని కట్టి గుంటుక తోలాలని ఆయన పట్టుబట్టాడు. గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో గింజలు వదిలే ఆడవాళ్లను, వెదురు గొట్టాల గుండా ఆ గింజలు సాలులో పడటాన్ని చూస్తూ పెరిగిన పాలమూరు వాడికి ఇందులో వింతేమీ కనిపించదు; మన గొర్రు టల్ గారి యంత్రం కంటే చాలా పాతది. 1960ల చివర్లో, ఒకసారి వాయించిన క్లబ్బు మళ్లీ పిలవకపోవడంతో తరచూ పేరు మార్చుకుంటూ తిరిగిన కుర్రాళ్లకు, వారి కచేరీలు కుదిర్చే సంస్థలో చరిత్ర మీద మక్కువ ఉన్న ఒకాయన ఈ పేరు తగిలించాడు. ఆ పేరుతో వాయించినప్పుడే మళ్లీ రమ్మని కబురు రావడంతో అది అలాగే నిలిచిపోయింది. పదేళ్ల తరువాత ఆ బృందమే, తనకు పేరిచ్చిన రైతు గొర్రును లాగిన గుర్రం మీద పాట కట్టింది.

ప్రోగ్రెసివ్ రాక్ అంటే పాట మూడు నిమిషాల హద్దు దాటి, నడక మార్చుకుంటూ, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నుంచీ జానపదం నుంచీ అప్పు తెచ్చుకుంటూ సాగే రాక్. ఈ బాణీలో ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ సాహసం ఇంకెవరికీ తేలిగ్గా సాధ్యం కాదు. దాదాపు నలభై నాలుగు నిమిషాల ఒకే పాటను గ్రామఫోన్ రికార్డు రెండు వైపులా పరిచి, దానికి అట్టగా పన్నెండు పేజీల ఉత్తుత్తి వార్తాపత్రికను అచ్చువేసి, పాట రాసింది ఎనిమిదేళ్ల పిల్లవాడని నమ్మబలికారు. ఆ ఆల్బమ్‌ను నేను ఏడాదికి రెండుసార్లు, తలుపు వేసుకొని, పూర్తిగా వింటాను. వినడం అయ్యాక, బృందానికి పాటలు రాసి, పాడి, వేణువు ఊదే ఇయాన్ ఆండర్సన్ తెలివికి నమస్కారం పెట్టాలనిపిస్తుంది గాని, వెంటనే మళ్లీ మొదటి నుంచి వినాలనిపించదు. ‘ఆక్వాలంగ్’ సంగతి వేరు. అందులో నాలుగైదు పాటలు ప్రాణం, మిగిలినవి గౌరవం.

‘హెవీ హార్సెస్’లో తొమ్మిది పాటలున్నాయి, మొత్తం కలిపి నలభై రెండు నిమిషాలు. లెక్కలేసి పేర్చిన తాళాలు, ఉన్నట్టుండి తిరిగే మలుపులు అన్నీ ఇందులోనూ ఉన్నాయి, కానీ వాటిని చూపించుకోవాలన్న ఆరాటం లేదు. మొదటి పాట ఎలుకలు పట్టే పిల్లి గురించి. మూడు నిమిషాలు దాటి కాసేపటికే అయిపోయే ఆ పాటకు కాలితో తాళం వేయడానికి ప్రయత్నించండి, పిల్లి ఎటు దూకుతుందో తెలియనట్టే దెబ్బ ఎక్కడ పడుతుందో తెలియదు. ‘మాత్స్’ దీపం చుట్టూ తిరిగే పురుగుల పాట. తొలకరి పడిన రాత్రి వీధి దీపం కింద ఉసిళ్లు రాలడం చూసినవారికి దాని మెత్తని విషాదం వివరించనక్కరలేదు. డీ పామర్ కూర్చిన తీగవాద్యాల స్వరం ఆ పాటను ఎక్కడా బరువెక్కనివ్వదు. ‘వన్ బ్రౌన్ మౌస్’కు ప్రేరణ స్కాట్లండు కవి రాబర్ట్ బర్న్స్ 1785లో, తన నాగలి మొనకు గూడు చెదిరిన ఎలుకను ఉద్దేశించి రాసిన కవిత. ‘జర్నీమన్’ పొద్దుపోయాక రైల్లో ఇంటికి పోయే ఉద్యోగి పాట. కాచిగూడలో బండెక్కి, షాద్‌నగర్ దాటకముందే కిటికీకి తల ఆనించి కునుకు తీసే మనవాళ్లెందరో దానిలో ఉన్నారు.

ఇక తొమ్మిది నిమిషాలకు కాస్త తక్కువ నిడివి గల, ఆల్బమ్‌కు తన పేరునిచ్చిన పాట. ఇంగ్లండు, స్కాట్లండు పొలాల్లో దున్నిన బరువు గుర్రాలు ట్రాక్టర్ వచ్చాక పని లేక తగ్గిపోవడం దీని విషయం. సఫోక్, క్లైడ్స్‌డేల్, పెర్షెరాన్, షైర్ అని ఒక్కొక్క జాతినీ ఆండర్సన్ పేరుపెట్టి పిలుస్తాడు. మన అమ్రాబాద్ గుట్టల్లో ఒంటి నిండా పొడలుండే తూర్పు ఎడ్లను కొనవచ్చిన రైతులు పేరు పేరునా వర్ణించేటప్పుడు వినిపించే గొంతు అది. పియానో మీద నెమ్మదిగా సాగే చరణాలు గుర్రం సాలు చివర తిరిగినట్టు తిరుగుతాయి. నడుమ ఒకచోట పగ్గాలు వదిలేసినట్టు తాళం దౌడు తీస్తుంది, కర్వ్‌డ్ ఎయిర్ బృందం నుంచి అతిథిగా వచ్చిన డారిల్ వే వయొలిన్ దాన్ని అందుకుంటుంది, మళ్లీ అంతా నెమ్మదించి మొదటి నడకకు వస్తుంది. వంశం నిలబడటానికి నీకో జోడు వెతికి పెడతానని గుర్రానికి మాట ఇవ్వడం, చమురు నిండుకున్న రోజున జనం నీ బలం కోసం మళ్లీ ప్రాధేయపడతారని చెప్పడం వట్టి కవి ఊరడింపు కావచ్చు. కానీ పాడేటప్పుడు అతని గొంతులో జాలి కంటే మర్యాద ఎక్కువ వినిపిస్తుంది. పల్లె మీద పట్నం వాళ్లు కట్టే పాటల్లో నాకు అరుదుగా దొరికేది ఆ మర్యాదే.

లోపాలు లేకపోలేదు. ‘నో లల్లబై’ ఎనిమిది నిమిషాలు ఉండాల్సిన పాట కాదు. డ్రమ్ములు వాయించిన బారీమోర్ బార్లో ఎంత నేర్పరి అయినా, అందులో సగం నేర్పు ప్రదర్శనే. ఈ ఆల్బమ్‌లో ఆండర్సన్ గొంతు కొంత ముక్కుతో, కొంత గరగరతో పలుకుతుంది, మొదటిసారి వినేవారికి రుచించకపోవచ్చు. వేణువు విషయమూ అంతే. మన బాన్సురీ లాగా అది స్వరం వెంట జారదు. ఊదుతూనే గొంతుతో గునుస్తూ, ఉమ్మేస్తూ, బుసకొడుతూ వాయించడం అతని పద్ధతి. ఒకసారి ఊళ్లో అరుగు మీద ఈ పాటలు పెట్టుకొని కూర్చుంటే మా పెదనాయన కాసేపు చెవిపెట్టి, “ఏం రా, ఆయన పిల్లనగ్రోవి ఊదుతున్నడా, ఎవన్నన్న తిడుతున్నడా?” అని అడిగాడు. ఆ వాద్య విధానం గురించి నేను చదివిన ఏ విమర్శా అంతకంటే సూటిగా లేదు.

కొనదలచినవారికి ఒక మాట. మొదటి ముద్రణ శబ్దం కొంచెం పొడిగా, వాద్యాలు ఒకదానిమీదొకటి ఒరిగినట్టు ఉంటుంది. 2018లో, నలభై ఏళ్లయిన సందర్భంగా, స్టీవెన్ విల్సన్ పాత టేపుల నుంచి మళ్లీ మిక్స్ చేసిన ‘న్యూ షూస్ ఎడిషన్’ వచ్చింది. మూడు సీడీలు, రెండు డీవీడీలు, 1978లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో జరిగిన కచేరీతో సహా. గుర్రాల ఆల్బమ్‌కు కొత్త నాడాలు కొట్టించడమన్న మాట. అంగడిలో ఎద్దును పడేసి, నాలుగు కాళ్లూ కట్టి, డెక్కకు మేకులు దించేటప్పుడు ఆ సుత్తి దెబ్బ ఎంత తక్కువ పడితే అంత మంచిదని పనివాడికి తెలుసు. విల్సన్ చేయి కూడా అలాంటిదే. పాటల రూపు చెడకుండా ఒక్కొక్క వాద్యానికీ జాగా చేసి పెట్టాడు. ముఖ్యంగా జాన్ గ్లాస్కాక్ బేస్ గిటార్ ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. గుండె జబ్బుతో ఆయన 1979 నవంబరులో, ఇరవై ఎనిమిదేళ్లకే కన్నుమూశాడు. ఆయన మొదటి నుంచి చివరి దాకా వాయించిన ఆఖరి స్టూడియో ఆల్బమ్ ఇదే కనుక ఆ స్పష్టతకు విలువ ఎక్కువ. నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న పెట్టె ఒక మూల నలిగి వచ్చింది, మార్చి ఇమ్మంటే నెల తిప్పారు. పళ్లేలు బాగున్నాయి కదా అని చివరికి నేనే ఊరుకున్నాను. అంత ఖర్చు వద్దనుకునేవారు ఫోన్‌లోనే కొత్త మిక్స్ వెతుక్కొని, మంచి ఇయర్‌ఫోన్లతో వింటే సరిపోతుంది. ముందు ‘మాత్స్’, తరువాత ‘హెవీ హార్సెస్’ వినండి. ‘నో లల్లబై’ని ఆఖరికి వదిలేయండి.

‘హెవీ హార్సెస్’ పాటలో గుర్రం ఎత్తు పద్దెనిమిది చేతులని వస్తుంది. గుర్రాలను కొలిచే ఆ లెక్కలో ఒక చెయ్యి అంటే అరచేతి వెడల్పు, నాలుగు అంగుళాలు. మన బెత్తెడు ఇంచుమించు అదే. సంగతి విన్న పెదనాయన లేచి, వాకిలి గుంజకు కింద నుంచి అరచేయి అడ్డంగా ఆనించి, ఒకదానిమీద ఒకటి బెత్తెలు లెక్కపెట్టుకుంటూ పైకి పోయాడు. పద్దెనిమిదో బెత్తె ఆయన నెత్తి దాటింది. “ఇది తల కాడికా?” అన్నాడు. కాదు, మూపు దాకానే, తల ఇంకా పైన ఉంటుందని చెప్పాను. గుంజ మీద నుంచి చెయ్యి తియ్యకుండా కాసేపు అట్లాగే నిలబడి, “మరి దానికి కాడి ఎట్ల కడ్తరు బిడ్డా?” అని అడిగాడు.